పొడి అద్దం మీద వైపర్

ముప్పై మంది పిల్లలు కూర్చున్న పరీక్ష హాల్లో ఎవరి దగ్గర చీటీ ఉందో గుమ్మం దగ్గర నిలబడే చెప్పగలను. గొప్పకి చెప్పడం లేదు, ఇరవై రెండేళ్ళుగా లెక్కల టీచర్ని. పెన్ను మూత బల్ల మీద ఒకసారి కొడితే ఏ, రెండుసార్లు కొడితే బి. దగ్గితే మళ్ళీ చెప్పమని. చెవి గోక్కుంటే టీచరు చూస్తోందని. నేను పట్టుకున్న వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు పోలీసుల్లో ఉన్నారు, కనపడితే నాకే సెల్యూట్ కొడతారు. ఈ విద్యని స్కూలు గేటు దగ్గర వదిలేసి ఇంటికి రావడం మాత్రం నాకు చేతకాలేదు. "ప్రేమమణితో కాపురమంటే రోజూ పబ్లిక్ పరీక్ష రాయడమే" అని మా ఆయన చర్చిలో అందరితోనూ అంటుంటారు.

ఈ ఏడు వానాకాలంలో అనుమానించి ఒకసారి బోల్తా పడ్డాను, అనుమానించక ఇంకోసారి. ఆ రెండోదే నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

మా ఆయన జెఫ్రీ రైల్వే పార్సిల్ ఆఫీసులో క్లర్కు. మే నెలలో ఒక ఆదివారం చర్చి నుంచి కారులో వస్తున్నాం. మెట్టుగూడ సిగ్నల్ ఇంకా యాభై గజాలుందనగా ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. తల పక్కకి వాలింది, చేతులు బిగుసుకుని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కారు డివైడర్‌ని రాసుకుంటూ పోయి దానంతటది ఆగింది. పక్క సీట్లో నేను, వెనక మా అమ్మాయి ఎలీనా. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ, ఆదివారం కాబట్టి ఖాళీగా ఉన్న రోడ్డు దయ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పేరు కూడా అడక్కుండా ముందు నోరు తెరిపించింది. నాలుక ఎడమ పక్కన పళ్ళు దిగి రక్తం కారుతోంది.

"ఫిట్సే. పక్కన ఎవరూ లేకపోయినా నాలుక సాక్ష్యం చెప్తుందమ్మా" అంది. "మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఏడాదిపాటు స్టీరింగ్ ముట్టుకోవడానికి వీల్లేదు."

ఆయన మాత్రలు మొదలుపెట్టారు, ఆఫీసుకి సెలవు పెట్టారు. కారు తాళం మాత్రం ఇవ్వలేదు.

"ఎవరు నడుపుతారు దాన్ని? నువ్వా?" అన్నారు.

"నేర్చుకుంటా."

"నేర్చుకో. లైసెన్సు తెచ్చిన రోజు తాళం నీ చేతిలో పెడతా. అప్పటిదాకా నా జేబులోనే ఉండనీ. నడపను, ప్రామిస్. జేబు ఖాళీగా ఉంటే ఏదోలా ఉంటోంది మణీ."

లాక్కోవచ్చు. కానీ ఆ నెలలో ఆయన దగ్గర లాక్కున్నవి చాలానే ఉన్నాయి. స్నానాల గదికి గడియ పెట్టుకోవద్దన్నాను. ఒంటరిగా మేడ ఎక్కొద్దన్నాను. కూతురి ముందు మనిషిని ఇంకెంత చిన్నబుచ్చను? సరేనన్నాను. నమ్మి కాదు, వేరే దారి లేక. ఏదైనా అవసరం పడితే ఈ మనిషి కారు తియ్యకుండా ఉండడని నాకు తెలుసు. నా చేతికి లైసెన్సు వచ్చేదాకా ఆయన ప్రాణం ఆయన జేబులోనే ఉందన్నమాట.

అందుకని నా పద్ధతిలో నేను కాపలా పెట్టాను. స్కూలు నుంచి రాగానే చెప్పులు విప్పకముందే షెడ్డులో ఉన్న కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని, వేడిగా ఉందేమోనని. పాత కారు, మీటరు మీద అంకెలు కిటికీలోంచే కనపడతాయి. నలభై ఎనిమిది వేల రెండు వందల పదహారు. రోజూ అది వంటింట్లో చర్చి క్యాలెండరు మీద పెన్సిల్‌తో రాసేదాన్ని. రోజూ అదే అంకె. ఆదివారాలు బ్యాటరీ చచ్చిపోకుండా ఆయన షెడ్డులోనే పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఉంచేవారు, నేను తలుపు పట్టుకుని నిలబడేదాన్ని.

"ఏందే ఈ అంకెలు? పాడాల్సిన కీర్తనల నంబర్లా?" అన్నారొకరోజు క్యాలెండరు చూసి.

"నలభై ఎనిమిది వేల కీర్తనలున్న పుస్తకం మన చర్చిలో ఉందా?" అన్నాను.

ఆయనకి అర్థమైంది. 

నన్ను డ్రైవింగ్‌లో చేర్పించింది కూడా ఆయనే. కార్ఖానా ఏరియాలో డ్రైవింగ్ స్కూలు నడిపే తుకారాం మాస్టారని, ఆయనకి పాత పరిచయం. ఆ పాత పరిచయమన్నది నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఇద్దరూ కలిసి ఏదో మాట్లాడుకుని ఉంటారని నా అనుమానం. మాస్టారికి అరవై దగ్గర పడుతున్నాయి, మాటలు మాత్రం మందు చుక్కల్లా లెక్కపెట్టి వదులుతాడు. సీటు సర్దుకోవాలి, అద్దం చూసుకోవాలి, బెల్టు పెట్టుకోవాలి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత, బండి కదలకముందు, "వైపర్ ఒక్కపారి ఏసి బంజెయ్యుండ్రి" అంటాడు.

"ఎండ కాస్తోంది కదా మాస్టారూ."

"కాయనీయుండ్రి. ఒక్కపారి."

"ఎందుకూ?"

"నా దగ్గర నేర్సుకున్నోళ్ళంతా గట్లనే ఏస్తరు మేడం. ఇగ షురూ జెయ్యుండ్రి."

వేశాను. పొడి అద్దం మీద వైపర్ గర్రుమని ఒకసారి పోయి వచ్చింది. రోజూ ఇదే తంతు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పని పిల్లవాడి జేబు వెతకమని నా అనుభవం.

జులైలో టెస్టుకి వారం ముందు ట్రాకు చూపిస్తానని తీసుకెళ్ళాడు. నేను చెట్టు కింద నిలబడి చూస్తున్నాను. ఆ పూట మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఐదుగురు వచ్చారు. ఒక్కొక్కరూ కూర్చోవడం, బెల్టు పెట్టుకోవడం, ఆకాశంలో మబ్బు తునకైనా లేకపోయినా వైపర్ ఒక్కసారి ఊపడం. ఐదుగురూ పాసయ్యారు. సొంతంగా వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు వైపర్ వెయ్యలేదు. ఇద్దరూ ఫెయిల్. చివర్లో మాస్టారూ టెస్టు పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరూ చాయ్ బండి దగ్గర నిలబడి ఒకే కెటిల్‌లోంచి పోయించుకుని తాగారు.

నాకు వెలిగింది. పెన్ను మూత ఒకసారి కొడితే ఏ. వైపర్ ఒకసారి ఊపితే 'మనోళ్ళే, చూసుకో' అని. ఇరవై రెండేళ్ళలో ఇంత తెలివైన చీటీని నేను చూడలేదు.

అడ్డదారిలో లైసెన్సు వచ్చినా వచ్చినట్టే కదా అని ఎవరైనా అనొచ్చు. నాకు అలా కాదు. ఆయన తాళం నా చేతిలో పెట్టాలంటే నేను నడపగలనన్న నమ్మకం ఆయనకుండాలి. తన పాత దోస్తు సైగతో ఇప్పించిన లైసెన్సని ఆయనకి తెలిస్తే, రేపు ఏ అవసరానికో "నువ్వు పక్కకి జరుగు, నీకేం వచ్చు" అని స్టీరింగ్ మళ్ళీ ఆయనే పట్టుకుంటారు. నేను నడిపే తీరుతోనే నెగ్గాలి. వైపర్ జోలికి పోకూడదని తీర్మానించుకున్నాను.

శుక్రవారం నా వంతు వచ్చింది. ఎండగా ఉంది. ఇన్‌స్పెక్టరు ట్యాబ్ పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. నేను బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకుని, గొంతు సవరించుకున్నాను.

"సర్, నేను వైపర్ వెయ్యను."

ఆయన తల ఎత్తాడు. "ఏ వైపర్ మేడం?"

"ముందు అద్దానిది. నా డ్రైవింగ్ చూసే మార్కులు వెయ్యండి."

ఆయన అద్దం వంక చూశాడు, తల వంచి ఆకాశం వంక చూశాడు, తర్వాత నా వంక. "వాన లేదు గద మేడం. మిమ్ముల ఎవలు ఏయమన్నరు?"

"నేనూ అదే అంటున్నా సర్."

"మంచిది. నడుపుండ్రి."

ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను. ఎనిమిది ఆకారం చక్కగా తిప్పాను. వెనక్కి కూడా గీత తాకకుండా వచ్చాను. మనసులో నాకు నేనే వందకి వంద వేసుకుంటున్నాను. ఇక బయటికి వెళ్ళే దారి మాత్రం మిగిలింది.

"ఇండికేటరేసి లెఫ్ట్ తిప్పుండ్రి మేడం."

ఎడమకి తిరగాలి కాబట్టి నా ఎడమ చెయ్యి లేచింది. స్టీరింగ్ పక్కన ఆ చేతికి దొరికిన పుల్లని నొక్కాను. వైపర్ గర్రుమంటూ లేచింది. కంగారులో ఇంకాస్త నొక్కితే అది రెట్టింపు వేగంతో అటూ ఇటూ కొట్టుకోసాగింది. దాన్ని ఆపబోయి చెయ్యి చూసుకుంటున్నానే గానీ దారి చూడలేదు. ముందు చక్రం సిమెంటు గట్టెక్కి బండి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా, అక్కర లేనంత మర్యాదగా, "ఇప్పుడేసిన్రు గద మేడం" అన్నాడు.

గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నాడు. ఫెయిలైన కోపమంతా ఆయన మీదికి మళ్ళింది. "మీకూ ఇన్‌స్పెక్టరుకీ మధ్య సైగ అది. నేను వెయ్యనన్నానని ఫెయిల్ చేశారు. నాకు తెలియదనుకోకండి, టీచర్ని" అన్నాను. పక్కనున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు.

ఆయనకి కోపం వస్తే బాగుండేది. రాలేదు. రెండు చేతులూ స్టీరింగ్ పట్టుకున్నట్టు గాల్లో పెట్టి చూపించాడు.

"మేడం, ఎడమ చేతికి వైపరు. కుడి చేతికి ఇండికేటరు. కొత్తోళ్ళు పరేషాన్ల ఎడమకు తిరగాలంటే ఎడమ చెయ్యే లేపుతరు. బయటోళ్ళు శానమంది గాడనే ఫెయిలైతరు. గందుకే షురూ జేసేముందు నేను ఒక్కపారి ఏపిస్త. ఇది వైపరు అని చేతికి యాదికుంటది. ముప్పై ఏండ్ల సంది గిదే. సైగ ఏందీ? ఎవలకు సైగ?"

"మరి ముందే చెప్పొచ్చు కదా" అన్నాను, అదే దిక్కన్నట్టు.

"చెప్తే బుర్రకు యాదికుంటది. చేతికి ఉండాలె గద. వచ్చే శుక్రారం మళ్ళ వద్దాం, పొద్దుగాల ప్రాక్టీస్‌కు రాండ్రి" అని బండి గట్టు దింపడానికి వెళ్ళిపోయాడు. నేను అంత మాట అన్నందుకు ఆయన నన్ను మానేయమన్నా న్యాయమే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇంట్లో ఈ కథంతా చెబితే మా ఆయన మే నెల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వారు. "ఇన్‌స్పెక్టరే కాపీ కొడుతుంటే పట్టుకుందామనుకున్నావే" అని కళ్ళు తుడుచుకున్నారు. ఎలీనా కూడా నవ్వింది. నేనూ నవ్వాను. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. లేచి రబ్బరు తెచ్చి క్యాలెండరు మీద అంకెలన్నీ చెరిపేశాను.

"ఇకమీద బానెట్ ముట్టుకోను. మీరు నడపనన్నారు, నేను నమ్ముతున్నాను. అంతే" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. "ముట్టుకుంటే ముట్టుకో. ఫర్వాలేదు" అన్నారు.

"అక్కర్లేదు" అన్నాను. ఎంత మంచి భార్యనో అని నాకు నేనే మురిసిపోయాను.

ఆ ఆదివారం కూడా ఆయన షెడ్డులో ఇంజను ఆన్ చేశారు, ఆపేశారు. మామూలే. బుధవారం మధ్యాహ్నం నుంచి కుంభవృష్టి. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు, బయటపడి ఇల్లు చేరేసరికి ఏడైంది. మోకాళ్ళదాకా తడిశాను. షెడ్డు పక్కనుంచి వస్తుంటే పాత అలవాటుకి చెయ్యి లేచింది. ఆ చేతిని బ్యాగు పట్టీ మీద పెట్టుకుని, చెప్పులు విప్పి లోపలికెళ్ళాను.

ఎలీనా సోఫాలో ఉంది. కార్ఖానాలో ట్యూషన్ దానికి, ఆరింటికి వదులుతారు. బట్టలు పొడిగా ఉన్నాయి.

"ఎలా వచ్చావే ఇంత వానలో?"

"క్యాబ్, మమ్మీ" అంది ఫోను లోంచి తల ఎత్తకుండా.

ఇదివరకటి నేనైతే ఏదీ ఫోను చూపించమనేదాన్ని. అనలేదు. మా ఆయన కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉన్నారు. నోరు పూసిందట, అన్నం వద్దన్నారు. రాగి జావ కాచి ఇచ్చాను. మర్నాడూ జావే. మాట కూడా ముద్దగా వస్తోంది. మాత్రల వేడేమోనని మజ్జిగ ఎక్కువ పోశాను, దారిలో బి కాంప్లెక్స్ కొనుక్కొచ్చాను. అనుమానం లేని కాపురం ఇంత హాయిగా ఉంటుందా అని కూడా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున సన్నగా జల్లు పడుతోంది. సీటు, అద్దం, బెల్టు. ఎడమ చేత్తో వైపర్ వేసి అలాగే ఉంచాను.

ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టాడు. "ఇయాల ఏస్తున్నరా మేడం?"

"ఇవాళ వానొస్తోంది సర్."

ఆయన పెదాల చివర నవ్వు ఆపుకున్నాడు. ఇండికేటరుకి కుడి చెయ్యి దానంతటదే లేచింది. చేతికి యాదికుంది. పాసయ్యాను. మాస్టారు చాయ్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ చాయ్‌కి నేను తగనని తెలిసే తాగాను.

ఇంటికి చేరేసరికి మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. ఎలీనా కాలేజీకి వెళ్ళింది. పాసయ్యానని ఫోనుకి వచ్చిన మెసేజ్ చూపించగానే మా ఆయన జేబులోంచి తాళం తీసి నా అరచేతిలో పెట్టారు. నా వేళ్ళు తనే మూశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు నెలలుగా గుండె మీద మోస్తున్న బండ ఆ క్షణాన దిగిపోయింది.

"ఎక్కండి, చర్చిదాకా తిప్పి తెస్తా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం తటపటాయించి ఎడమ సీట్లో కూర్చున్నారు. మా కారులో స్టీరింగ్ పక్కన నేను కూర్చోవడం అదే మొదలు. సీటు ముందుకి జరుపుకున్నాను. అద్దం, బెల్టు. తాళం తిప్పాను.

నా ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది. అయినా వైపర్లు లేచాయి. ఎండకి మెరుస్తున్న పొడి అద్దం మీద గర్రుమంటూ ఒకసారి పోయి వచ్చాయి. మళ్ళీ పోయి వచ్చాయి.

ఆదివారం తాళం తిప్పినప్పుడు ఇవి కదల్లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను కదా. మధ్యలో పెద్ద వాన ఒక్కటే, బుధవారంది. ఆ వానలో ఈ కారుని ఎవరో నడిపారు, వైపర్ ఆపకుండానే ఇంజను ఆపేశారు. తలుపు వేసిందీ లేనిదీ మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకునే మనిషి జెఫ్రీ. వైపర్ మరిచిపోవడం ఆయన వల్ల కాదు. ఆపడానికి ఆయనకి వ్యవధి లేకపోయింది.

మీటరు చూశాను. క్యాలెండరు మీద చెరిపాను గానీ నా బుర్రలో చెరగలేదు. పన్నెండు కిలోమీటర్లు తేడా. మెట్టుగూడలో మా ఇంటి నుంచి కార్ఖానాకి పోయి రావడం. సోఫాలో ఎలీనా పొడి బట్టలు. రెండు రోజుల రాగి జావ.

ఎడమ చేత్తో వైపర్ ఆపాను. ఇంజను కూడా ఆపాను.

"నోరు తెరవండి."

ఆయన ఎందుకని అడగలేదు. చిన్నపిల్లాడిలా తెరిచారు. నాలుక ఎడమ పక్కన, పాత మచ్చకి కొంచెం పైన, నాలుగు పంటి గాట్లు నల్లగా ఉన్నాయి.

"ఎలీనా కార్లో ఉండగానా?" అన్నాను.

"లేదు. అది దిగి లోపలికెళ్ళిపోయింది. వానలో ఆటో దొరకట్లేదు, క్యాబ్ వాడు రానన్నాడని ఏడుస్తూ ఫోన్ చేసింది. ఒక్కసారే కదా అని వెళ్ళా. తిరిగొచ్చి తాళం తిప్పి ఆపా, అంతే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి వాన తగ్గింది. డాడీ కారు తీసినట్టు మమ్మీకి చెప్పకన్నా. మిగిలింది దానికి తెలీదు మణీ."

"అది దిగాక ఎంతసేపటికి?"

"రెండు నిమిషాలేమో. అంతకన్నా ఉండదు."

రెండు నిమిషాలంటే మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఒక ఎర్రలైటు. ఆ లైటు పడి ఉంటే ఆయన ఇంకా రోడ్డు మీదే ఉండేవారు, వెనక సీట్లో నా పిల్లతో. ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. గట్టిగా పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

ఆయన చేతులు చూసుకుంటూ అన్నారు. "ఆ సాయంత్రం నువ్వొచ్చేసరికి బానెట్ ఇంకా వేడిగానే ఉండి ఉంటుంది. మంచం మీంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. నువ్వు చెయ్యి పెడితే అంతా చెప్పేద్దామనుకున్నా. నా అంతట నాకు నోరు రాలేదు."

నేను రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకున్నాను.

"నువ్వు చెప్పులు విప్పుకుని లోపలికొచ్చేశావు" అన్నారు.

అరచెయ్యి చాపాను. "డూప్లికేటు కూడా ఇవ్వండి."

చొక్కా జేబులోంచి రెండో తాళం తీసి ఇచ్చారు. అది నా చేతిలో పడ్డాకే మళ్ళీ ఇంజను ఆన్ చేశాను. ఎడమ చేత్తో వైపర్ ఒక్కసారి వేసి ఆపాను. కుడి చేత్తో ఇండికేటరు. చర్చి వైపు కాదు, ఆస్పత్రి వైపు తిప్పాను. దారిపొడుగునా ఆయన స్టీరింగ్ వంక చూడలేదు, నా చేతుల వంకే చూశారు.

ఇప్పుడు మాత్రల మోతాదు పెంచారు. ఎలీనా నాకు చెప్పకుండా దాచినందుకు ఒక పూటంతా ఏడ్చింది. వంటింటి క్యాలెండరు మీద అంకెలు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి రోజూ మారుతుంటాయి. సాయంత్రం నేను కారు షెడ్డులో పెట్టగానే మా ఆయనే వచ్చి కిటికీలోంచి మీటరు గట్టిగా చదువుతారు. నేను లోపలినుంచి రాసుకుంటాను. ఆ తర్వాత, ఆయన అడగకుండానే, నాలుక చూపిస్తారు.